తొవ్వల ఉన్నయ్

బాన్సువాడలో ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సినంత చలి రాదు. డిసెంబరు చివర్లో నాలుగు రోజులు మఫ్లర్లు, మంకీ క్యాపులు కనిపిస్తాయి, టీ కొట్ల దగ్గర గుంపు కాస్త పెరుగుతుంది, సంక్రాంతి దాటితే అదీ పోతుంది. చలిదేశాల్లో ఇంటి గచ్చు కింద వేడినీళ్ల పైపులు పరుస్తారని, ఆ నీళ్లు మరీ కాగకుండా, మరీ చల్లారకుండా మిక్సింగ్ వాల్వు అనే చిన్న పరికరం కాపలా కాస్తుందని చెబితే ఇక్కడి వాళ్లకు అది జర్మనీలో ఉద్యోగం చేసే మేనల్లుడు ఫోన్లో చెప్పే కబురులాగే ఉంటుంది. అయితే ఆ వాల్వు చేసే పని ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. దాన్ని దారికి తేవడంలో ఉన్న తిప్పలూ కొత్త కాదు. కాకపోతే ఇక్కడ హీటింగ్ సీజను ఎండాకాలంలో, యాసంగి వడ్లు మిల్లుకు చేరాక మొదలవుతుంది.

నిజాంసాగర్ కాలువ కింద రెండు పంటలూ ఎక్కువగా వరే. వానాకాలం వడ్లతో మిల్లరుకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా యాసంగి వడ్లతోనే. గింజ గట్టిపడే రోజుల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ మధ్య గింజ లోపల కంటికి ఆనని పగుళ్లు పడతాయి. ఆ వడ్లను పచ్చిగా ఆడిస్తే నూకలు కుప్ప పడతాయి. అవే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే పగుళ్లు అతుక్కుని గింజ నిలుస్తుంది. కేంద్రం తరఫున బియ్యం తీసుకునే ఎఫ్‌సీఐ లెక్కలో క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఇలా చేసిన ఉప్పుడు బియ్యం, అదే బాయిల్డ్, అయితే 68 కిలోలు రావాలి. కాగితం మీద ఒక్క కిలో తేడా. యాసంగిలో మిల్లు దగ్గర కనిపించే తేడా అంతకంటే చాలా ఎక్కువ. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీ తెలంగాణ భవన్‌లో ధర్నాకు కూర్చున్నది ఈ యాసంగి వడ్ల గురించే. బాయిల్డ్ బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అంటే, పచ్చి బియ్యం చేస్తే నూకల నష్టం ఎవరు భరించాలని రాష్ట్రం అడిగింది. రాజధాని దాకా పోయిన ఆ పంచాయితీ అడుగున ఉన్న ప్రశ్న మాత్రం మిల్లు ఆపరేటర్‌ది: వడ్లకు ఎంత వేడి, ఎంతసేపు?

పాతరోజుల్లో ఉప్పుడు బియ్యానికి వడ్లను చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానేసేవారు. నీళ్లు పులిసి, ఆ వాసన అన్నం దాకా వచ్చేది. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సీఎఫ్‌టీఆర్ఐ, దానికి వేడినీళ్ల పద్ధతిని విరుగుడుగా తెచ్చింది. నీళ్లను 85 డిగ్రీలకు కాచి అందులో వడ్లు పోస్తే రెండూ కలిసి 70 డిగ్రీల దగ్గర నిలుస్తాయి. ఆ వేడిలో మూడు, మూడున్నర గంటలు నానితే చాలు, గింజలో తేమ 30 శాతానికి చేరుతుంది. తర్వాత ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో 14 శాతానికి ఆరబెడతారు. ఇంత వరుసలో ఇరుకైన చోటు ఆ 70 డిగ్రీలే. బియ్యంలోని పిండిపదార్థం రకాన్ని బట్టి 55 నుంచి 79 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట ఉడకడం మొదలవుతుంది. నీళ్ల వేడి ఆ గీత దాటిందంటే నానాల్సిన గింజ ఉబ్బిపోతుంది, పొట్టు నోరు తెరుస్తుంది, గంజి నీళ్లలోకి దిగుతుంది. అలాగని వేడి బాగా తగ్గిందా, నానే గంటలు పెరుగుతాయి, మిల్లు గేటు ముందు లారీలు బారు తీరతాయి.

నానబెట్టే ట్యాంకు దగ్గర ఒక్క పూట నిలబడితే విషయమంతా కళ్లకు కడుతుంది. పంపు నీళ్లను అడుగు నుంచి లాగి పైకి తోస్తూ తిప్పుతుంటుంది. దారిలో ఒకచోట ఊక బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి పైపు కలుస్తుంది. దానికో వాల్వు, వాల్వుకో చక్రం. కొన్ని గజాల అవతల గుండ్రటి డయలున్న థర్మామీటరు. ముల్లు 64 మీద ఉంది. కొత్తగా చేరిన పిలగాడు చక్రాన్ని అర చుట్టు తిప్పుతాడు. ముల్లు కదలదు. ఇంకో అర చుట్టు. అప్పుడూ కదలదు. ఊక గుట్ట పక్కన బీడీ తాగుతున్న పెద్దమనిషి కేకేస్తాడు: “జర ఆగురా, నువ్వు తిప్పింది ఇంకా ముల్లు కాడికి రాలే.” వాడు ఆగడు. చుట్టున్నర అయ్యాక ముల్లు లేస్తుంది: 68, 71, 74. గాభరా పడి చక్రాన్ని పూర్తిగా కట్టేస్తాడు. కట్టినా ముల్లు ఎక్కుతూనే ఉంటుంది, ఇందాక విడిచిన వేడి ఇంకా దారిలోనే ఉంది మరి. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టి 60 దగ్గర తేలుతుంది. పిలగాడు మళ్లీ చక్రం పట్టుకుంటాడు.

ఈ ఊగులాటలో వడ్ల తప్పు లేదు, బాయిలర్ తప్పు లేదు. మొదట ఉన్న తేడా ఆరు డిగ్రీలు. మిగతాదంతా సరిదిద్దే చెయ్యి పుట్టించిందే.

చలిదేశపు ఇంట్లో ఇదే నాటకం ఒక చిన్న మోటారు ఆడుతుంది. బాయిలర్ నుంచి వచ్చే నీళ్లు 70 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. గచ్చు కింద తిరిగి చల్లారి వెనక్కి వచ్చేవి 30. గచ్చులోకి పంపాల్సినవి 38. వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు చేసే బాధ్యత మిక్సింగ్ వాల్వుది. లెక్క సులువే. అందుబాటులో ఉన్న తేడా 40 డిగ్రీలు, అందులో కావలసింది 8, కాబట్టి ఐదో వంతు వేడినీళ్లు కలిపితే సరి. వాల్వు ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడానికి మోటారుకు రెండు నిమిషాలు పడితే, అది ఒక్క సెకను ఎక్కువ తిరిగినా నీళ్ల వేడి డిగ్రీలో మూడో వంతు మారుతుంది. బాయిలర్ నీళ్లు 50 డిగ్రీలే ఉన్న రోజున అదే ఒక్క సెకనుకు మార్పు సగమే. మోటారు అదే, వాల్వు అదే, తిప్పుడు అదే. ఫలితం మాత్రం ఒకరోజు రెండింతలు. అక్టోబరులో కుదురుగా నడిచిన అమరిక జనవరి చలికి బాయిలర్ కాక పెంచగానే ఊగడం మొదలుపెట్టడానికి ఇదొక కారణం. ఇంట్లోవాళ్లకు ఆ ఊపు కాళ్లకు తెలియదు. గచ్చు కాంక్రీటు గంటల తరబడి వేడిని మింగి నిదానంగా వదులుతూ తేడాను కప్పేస్తుంది. తెలిస్తే చెవులకే తెలియాలి. రాత్రంతా మోటారు అటు కొంచెం, ఇటు కొంచెం గురగురమంటూనే ఉంటుంది, దాని గేర్లు అరగాల్సిన కాలం కంటే ముందే అరుగుతాయి.

ఆ మోటారుకు ఆజ్ఞలిచ్చే కంట్రోలరు పెట్టెలో మూడు అంకెలుంటాయి. మొదటిది, ఇప్పుడు తేడా ఎంతుందో చూసి దానికి తగ్గట్టు తిప్పమనేది. ఆరు డిగ్రీలకు అర చుట్టా, పావు చుట్టా అన్నది ఈ అంకె తేలుస్తుంది. దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే నీళ్లు 38కి చేరకుండా 36 దగ్గరో 37 దగ్గరో ఆగిపోవచ్చు, తేడా తగ్గేకొద్దీ తిప్పుడూ తగ్గుతుంది గనక. రెండోది, తేడా ఎంతసేపుగా ఉందో కూడబెట్టుకుంటూ పోయేది. ఆ మిగిలిన డిగ్రీని ఇది మెల్లగా పూడుస్తుంది. మూడోది, తేడా ఎటు, ఎంత జోరుగా పోతోందో చూసి ముందే చెయ్యి వెనక్కి తీసుకునేది. ఈ మూడింటినీ కలిపి పీఐడీ అంటారు. మిక్సింగ్ వాల్వుల్లో మూడోదాన్ని తరచు సున్నా మీదే వదిలేస్తారు, సెన్సర్ దగ్గర వచ్చే ప్రతి చిన్న అదురుకూ అది ఉలిక్కిపడుతుంది కాబట్టి. వీటికి తోడు చిన్న వెసులుబాటు కూడా ఇస్తారు: అనుకున్న వేడికి డిగ్రీ అటూ ఇటూగా ఉన్నంతసేపు మోటారు జోలికి పోవద్దని.

ఈ మూడు చూపులూ యంత్రానికి మనిషి దగ్గర్నుంచి వచ్చినవే. రష్యాలో పుట్టి అమెరికా చేరిన ఇంజినీరు నికొలాస్ మైనోర్‌స్కీ 1922లో, ఓడలు తమంతట తామే దారి పట్టుకునే పద్ధతి మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన గమనించింది చుక్కాని పట్టే మనుషులను. అనుభవమున్న నావికుడు ఓడ ఇప్పుడెంత పక్కకు జరిగిందో చూసి ఊరుకోడు, ఎంతసేపుగా జరుగుతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో కూడా లెక్కలోకి తీసుకుంటాడు. ఆ నేర్పునే సమీకరణంగా రాసి, న్యూ మెక్సికో అనే అమెరికన్ యుద్ధనౌక మీద పరీక్షించారు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1868లో, జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపు చేసే గవర్నర్ల గురించి రాస్తూ, సరిదిద్దే యంత్రమే ఎప్పుడు ఊగులాటకు మూలమవుతుందో గణితంలో చూపించాడు. మిల్లు పిలగాడికి ఆ పేరు తెలియకపోయినా ఆ గణితం ఎలా శిక్షిస్తుందో బాగా తెలుసు.

మరి ఆ అంకెలు ఎంత పెట్టాలి? 1942లో అమెరికాలోని రోచెస్టర్‌లో, టేలర్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీకి చెందిన జాన్ జీగ్లర్, నథానియెల్ నికోల్స్ దీనికి సులువుగా వాడుకునే సూత్రం ఇచ్చారు. రెండో అంకెనూ మూడో అంకెనూ కట్టేసి మొదటిదాన్ని పెంచుతూ పోవాలి. ముల్లు పెరగకుండా తరగకుండా ఒకే తీరుగా ఊగే చోట ఆగాలి. మొదటి అంకెకు అందులో 0.6 వంతు తీసుకోవాలి. ఒక ఊపుకు పట్టిన సమయంలో సగం రెండోదానికి, ఎనిమిదో వంతు మూడోదానికి. ఊపు నాలుగు నిమిషాలైతే రెండు నిమిషాలు, అర నిమిషం అన్నమాట. అయితే వడ్లు నిండిన ట్యాంకును కావాలని ఊగించే ధైర్యం ఏ మిల్లు యజమానికి ఉంటుంది? అందుకు వాళ్లే ఇంకో దారి చెప్పారు. వాల్వును కొంచెం తిప్పి, చేతులు కట్టుకుని, గడియారం చూడటం. ముల్లు కదలడానికి ఎంతసేపు పట్టింది, కదిలాక ఎంత జోరుగా ఎక్కింది అన్న రెండు కొలతలతో అంకెలన్నీ తేలిపోతాయి. ఆ సూత్రంలో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ముల్లు కదలడానికి పట్టే సమయం రెట్టింపైతే తిప్పే మోతాదు సగం కావాలి.

మనిషి చెయ్యి సరిగ్గా దీనికి ఎదురు తిరుగుతుంది. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ మోతాదు పెంచుతుంది. వరి పసుపు తిరిగిందని యూరియా చల్లిన రైతు రెండు రోజుల్లో పచ్చబడలేదని మళ్లీ చల్లుతాడు. వారం తిరిగేసరికి రెండు విడతలూ కలిసి పైరును ఏపుగా లేపుతాయి, ఆ ఏపును చూసి సుడిదోమ దిగుతుంది, అగ్గితెగులు తగులుకుంటుంది. అప్పుడు మందు కొట్టాలి. రైతును బద్ధకస్తుడని ఎవరూ అనలేరు. పని ఎక్కువ చేయడమే ఇక్కడ కొంప ముంచింది.

కూడబెట్టే రెండో అంకెతో ఇంకో చిక్కుంది. తడి ఊక వచ్చి బాయిలర్ మంట మందగించి, ఆవిరి పీడనం పడిపోయిందనుకుందాం. వాల్వు ఎంత తెరిచినా వేడి రాదు. ఆటోమేటిక్ కంట్రోలరుకు ఆ సంగతి తెలియదు. తేడాను కూడబెడుతూ, ఇంకా తెరువు, ఇంకా తెరువు అంటుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక కూడా లోపల లెక్క పెరుగుతూనే ఉంటుంది. అరగంట తర్వాత మంట పుంజుకుంటే ఆవిరి ఒక్కసారిగా దూసుకొస్తుంది. నీళ్లు 70 దాటినా కంట్రోలరు వాల్వును వెంటనే మూయదు. అరగంటగా పేరుకున్న బాకీ ముందు తీరాలి దానికి. ఈ రోగాన్ని ఇంజినీర్లు విండప్ అంటారు. మంచి కంట్రోలర్లలో దీనికి విరుగుడు ఉంటుంది: వాల్వు కొసకు తగిలాక లెక్కబెట్టడం ఆపేయడం. అయితే ఆ సదుపాయాన్ని ఆన్ చేశారో లేదో చూసుకునే మనిషి కావాలి.

ఇంతకంటే తెలివైన పని, తేడా వచ్చాక దిద్దడం కాకుండా తేడా తెచ్చేదాన్ని ముందే చూడటం. యూరప్ ఇళ్ల గోడకు బయటివైపు ఒక సెన్సర్ ఉంటుంది. బయట చలి పెరగగానే, గదిలో ఎవరికీ వణుకు పుట్టకముందే, గచ్చులోకి పంపాల్సిన వేడి ఎంతో అది మార్చేస్తుంది. సీఎఫ్‌టీఆర్ఐ వేడినీళ్ల పద్ధతిలో కూడా ఈ చూపుకు చోటుంది. కిలో వడ్లకు 1.2 లీటర్ల నీళ్లు అనుకుని లెక్క కడదాం. వడ్లు 30 డిగ్రీల వేడి మీద ఉంటే 85 డిగ్రీల నీళ్లతో కలిశాక సుమారు 71 వస్తుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల వడ్లయితే 68 లేదా 69. మే నెల మధ్యాహ్నం కల్లంలో కాగి 40 డిగ్రీల మీద వచ్చిన వడ్లయితే 73 దాటుతుంది. నీళ్ల ముల్లు ఏ రోజైనా 85నే చూపిస్తుంది. అందుకే బస్తాలోకి చెయ్యి పెట్టి చూసి, ఈ పూట నీళ్లు కాస్త తగ్గించి కాచమని చెప్పే ఆపరేటర్‌కు ఖరీదైన సెన్సర్‌తో సమానమైన విలువుంది.

మిల్లులో ఆలస్యం నిమిషాల్లో ఉంటుంది. అదే ఆలస్యాన్ని రోజుల్లో చూడాలంటే మిల్లు గేటు దాటి కాలువ గట్టెక్కితే చాలు.

మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల దగ్గర నిజాంసాగర్ జలాశయాన్ని 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం అది. కట్టించిన చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజినీర్ల దినంగా జరుపుతోంది. ప్రధాన కాలువ పొడవు 155 కిలోమీటర్లు, ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. బాన్సువాడ ఈ కాలువకు ఎగువ భాగంలో ఉంది. బోధన్, నిజామాబాద్ వైపు పోయేకొద్దీ దిగువ, ఆపైన చివరి ఆయకట్టు. కాలువలో నీళ్లు సెకనుకు 0.7 మీటర్ల వేగంతో పోతాయనుకుంటే కాగితం మీద ఆ కొస చేరడానికి రెండున్నర రోజులు. ఎండిన కాలువను తడుపుకుంటూ, పిల్ల కాలువలను నింపుకుంటూ, ఎగువ తూముల్లో తీసుకోగా మిగిలింది చేరాలి కాబట్టి నేల మీద లెక్క ఇంకా పెరుగుతుంది. దిగువ రైతు, కాలువ నీళ్లు చూసుకునే లష్కరును అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, జవాబూ ఒకటే.

“అన్నా, నీళ్లెప్పుడొస్తయే?”

“విడిచిన్రు. తొవ్వల ఉన్నయ్.”

దారిలో ఉన్న నీళ్లను లెక్కలో పెట్టుకోకపోతే ఏం జరుగుతుందో ఈ కాలువ చాలాసార్లు చూపించింది. చివరి భూములు ఎండుతున్నాయని ఒత్తిడి వస్తుంది, గేటు ఇంకొంచెం ఎత్తుతారు. ఆ నీళ్లు నడిదారిలో ఉండగా వాన పడుతుంది. వాన పడగానే రైతులు తమ తూములు మూసుకుంటారు, మడిలో నీళ్లు మరీ ఎక్కువైతే పైరు పాడవుతుందని. కాలువలోకి వచ్చిన నీళ్లకు పోయే చోటు లేక గట్టు మీదికి ఎక్కుతాయి, బలహీనమైన చోట గండి పడుతుంది. పైన గేటు మూసినా లాభం లేదు. రెండు రోజుల కింద విడిచిన నీళ్లను వెనక్కి పిలవలేరు. మిల్లులో ముల్లు 74 దాకా పోయిన కథే ఇది, కాకపోతే ఇక్కడ పోయేది గట్టు, నారుమడి.

నీటిపారుదల శాఖ దీనికి చాలాకాలంగా వాడుతున్న మందు ‘ఆన్ అండ్ ఆఫ్’. కొన్ని రోజులు విడవడం, కొన్ని రోజులు ఆపడం, పంటకు ఇన్ని తడులని ముందే ప్రకటించడం. ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్ పద్ధతి కూడా ఇదే, ఉంటే పూర్తిగా, లేకుంటే లేదు. సన్నగా అంకెలు సవరించే కళ ఇందులో లేదు, అయినా దీన్ని తక్కువ చేసి చూడకూడదు. వరి మడి నాలుగు రోజుల నీళ్లను పట్టి ఉంచుకోగలదు. గచ్చు కాంక్రీటు వేడిని దాచినట్టే మడి తడిని దాచుకుంటుంది. అంత నిల్వ చేతిలో ఉన్నప్పుడు మొరటు నియంత్రణ కూడా పంటను నిలబెడుతుంది.

ఇంకో దారి, ఆలస్యాన్నే తగ్గించడం. కాలువ మధ్యలో అలీసాగర్ లాంటి జలాశయం ఉంటే పై నుంచి వచ్చే హెచ్చుతగ్గులను అది మింగుతుంది, దిగువవాళ్లకు దగ్గర్నుంచే నీళ్లు దొరుకుతాయి. తర్వాతి కాలంలో గోదావరి నుంచి కోస్లీ దగ్గర నీళ్లెత్తే అలీసాగర్ ఎత్తిపోతల, గుత్ప ఎత్తిపోతల వచ్చింది కూడా ఈ చివరి ఆయకట్టు కోసమే. 155 కిలోమీటర్ల కొసన ఉన్న రైతుకు పక్కనే ఇంకో కుళాయి పెట్టారు. అంకెలతో కుస్తీ పట్టడం కంటే సెన్సర్‌ను వాల్వుకు దగ్గరగా జరపడం మేలని హీటింగ్ మెకానిక్కులు చెప్పేదీ ఇదే.

అదే నిల్వ ఖాళీగా ఉంటే ఎంత ఆలస్యం తేగలదో 2021 ఏప్రిల్‌లో కనిపించింది. కొండపోచమ్మ సాగర్ నుంచి హల్దీ వాగులోకి గోదావరి నీళ్లు విడిచి, మంజీర మీదుగా నిజాంసాగర్‌కు మళ్లించారు. వాగులోని చెక్‌డ్యాములు ఒక్కొక్కటీ నిండి పొర్లితే తప్ప నీళ్లు ముందుకు పోలేదు. పై కొసన గేటు ఇంకొంచెం ఎత్తితే కింద వెంటనే ఫలితం కనిపించే ఏర్పాటు కాదది. మధ్యలో ఉన్న ప్రతి మడుగూ తన వాటా ముందు పుచ్చుకుంటుంది.

మిగతా ప్రపంచం కాలువలకూ కంట్రోలర్లు పెట్టింది. ఫ్రాన్స్‌లోని నేర్పిక్ సంస్థ తయారుచేసిన తేలుడు గేట్లు కరెంటు లేకుండానే ఎగువ మట్టాన్ని నిలబెడతాయి. ఉత్తర ఆఫ్రికా కాలువల మీద అవి దశాబ్దాలుగా పనిచేశాయి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, రూబికాన్ సంస్థ కలిసి ప్రతి గేటుకూ మట్టం కొలిచే సాధనం, మోటారు, రేడియో అమర్చి, ఒక్కో భాగంలో ఆలస్యం ఎంతో కొలతల నుంచే రాబట్టే పద్ధతి తయారుచేశాయి. పక్కనున్న కర్ణాటకలో నారాయణపుర ఎడమ కాలువకు ఆటోమేటిక్ గేట్లు వచ్చాయి. ఎంత ఆధునికమైనా వీటి గుండెలో ఉన్నవి ఆ పాత అంకెలే. ప్రతి గేటూ తన కింది మట్టం తేడాను చూసి కొంత, ఆ తేడా ఎంతసేపుగా ఉందో చూసి కొంత కదులుతుంది. కింది గేటు ఎంత తెరుచుకోబోతోందో పై గేటుకు ముందే కబురు అందుతుంది.

అయితే అంకెలు ఒకసారి పెట్టి మరిచిపోయేవి కావు. ఈ అంకెలు సవరించే పనిలో, అంటే ట్యూనింగ్‌లో, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మిల్లులో బోరునీళ్ల సున్నం పైపుల లోపల పేరుకుంటుంది, వాల్వు చక్రం అరిగి పావు చుట్టు ఖాళీగా తిరగడం మొదలవుతుంది, ఊక తడిని బట్టి ఆవిరి మారుతుంది. నిరుడు సరిపోయిన అర చుట్టు ఈ ఏడు సరిపోదు. నిజాంసాగర్ కట్టినప్పుడు నిల్వ 29.72 టీఎంసీలు. పూడిక పేరుకుని అందులో చాలా భాగం పోయాక, నీటి మట్టం పెంచి ఇప్పుడున్న 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన సింగూరు జలాశయం వచ్చింది, దాని నీళ్లలో హైదరాబాదు దాహానికి వాటా ఉంది. కాలువకు లైనింగ్ వేసిన చోట్ల వేగమూ మారింది. నీళ్ల ప్రవాహంలో గరుకుతనాన్ని లెక్కగట్టే మానింగ్ గుణకం మట్టి కాలువకు 0.025 ప్రాంతంలో ఉంటే కాంక్రీటుకు 0.015 ప్రాంతంలో ఉంటుంది. అదే వాలు, అదే లోతులో నీళ్లు ఒకటిన్నర రెట్లకు మించి వేగంగా పోగలవు. పాత లష్కరు నోటి లెక్క, ‘ఇయ్యాల ఇడిస్తే ఎల్లుండి పొద్దుగాల’ అన్నది, మట్టి కాలువ నేర్పిన లెక్క. లైనింగ్ వేసిన చోట అది చెల్లదు, వేయని చోట ఇంకా చెల్లుతుంది, మధ్యలో ఎక్కడ మారుతుందో కొలిస్తే గాని తెలియదు.

కొలవడానికి కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు. జీగ్లర్, నికోల్స్ చెప్పిన ‘కొంచెం తిప్పి గడియారం చూడు’ ప్రయోగం ఈ కాలువ మీద సీజను మొదట్లో దానంతట అదే జరుగుతుంది. ఎండిన కాలువలోకి తొలి తడి విడుస్తారు. హెడ్ రెగ్యులేటర్ దగ్గర గేటు ఎన్ని అడుగులు, ఏ గంటకు ఎత్తారన్నది రికార్డులో ఉంటుంది. ఒక్కో డిస్ట్రిబ్యూటరీ తూము దగ్గర గోడ మీద మట్టం కొలబద్ద ఉంటే, అక్కడి లష్కరు ఫోనులో మూడు సమయాలు రాసుకుంటే చాలు: తొలి నీళ్లు తగిలింది ఎప్పుడు, మట్టం సగానికి ఎక్కింది ఎప్పుడు, నిలబడింది ఎప్పుడు. వానాకాలానికి ఒక వరుస, యాసంగికి ఒక వరుస. రెండు మూడేళ్ల వరుసలు పక్కపక్కన పెడితే వాన మబ్బు కనిపించినప్పుడు గేటు ఎన్ని గంటల ముందు దించాలో బాన్సువాడకు ఒక అంకె, బోధన్‌కు ఇంకో అంకె వస్తాయి. మిల్లు యజమాని తన ఆటోమేటిక్ వాల్వుకు కంపెనీ పంపిన అంకెలు మార్చాలనుకున్నా మొదట కావలసింది ఇలాంటి కాగితమే. వచ్చే యాసంగి తొలి ట్యాంకు నింపే రోజున థర్మామీటరు పక్కన ఒక గడియారం, పెన్సిలు పెట్టి, చక్రం పావు చుట్టు తిప్పిన నిమిషం దగ్గర్నుంచి దాన్ని రాయించడం మొదలుపెట్టవచ్చు.